గుర్వమ్మ నడుం పట్టీ

గుర్వమ్మ బతుకంతా గుట్టకు ఇవతలే గడిచింది. గుట్టకు అవతల కృష్ణ పారుతుందని ఆమెకు తెలుసు. దాని మీద పెద్ద ఆనకట్ట కడుతున్నారని విన్నది గానీ నమ్మలేదు. కొన్నేళ్లుగా మధ్యాహ్నం పూట అటువైపు నుంచి బండలు పేల్చే మోత వినబడుతుండేది. ఆ మోతకు మందలోని గొర్రెలు తలలెత్తి చూసి మళ్లీ మేతలో పడేవి. వినీ వినీ గొర్రెలకు అలవాటైంది గానీ గుర్వమ్మకు కాలేదు. మోత వినబడ్డ ప్రతిసారీ గుండె మీద చెయ్యి వేసుకునేది. కూలికి పోయి వచ్చినవాళ్లు "గుట్టలు పగలగొట్టి నదికి అడ్డం పెడుతున్నరు గుర్వమ్మా" అంటే, "నదికి అడ్డం ఎవరు పెడతరే, మీ పిచ్చి గాకపోతే" అని కొట్టిపారేసేది.

ఆ ఏడు శ్రావణంలో ముసురు పట్టి వదల్లేదు. ఆమె ఒక్కగానొక్క కూతురు బక్కమ్మ తొలికాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నొప్పులు మొదలై ఒక పగలూ ఒక రాత్రీ గడిచాయి. బిడ్డ మాత్రం దిగలేదు. మంత్రసాని సుక్కమ్మ ఆ పల్లెలో సగంమందికి బొడ్డుకోసిన మనిషి. తెల్లవారేసరికి ఆమె చేతులు కడుక్కుని గడప బయటికి వచ్చింది.

"తల కిందికి జారుతలేదు గుర్వమ్మా. నాతోని గాదు. దవాఖానకు తీస్కపోరి, జల్ది తీస్కపోరి" అంది.

అల్లుడు దుర్గయ్య ఆ మాట వింటూనే కంకరరోడ్డు దిక్కు పరుగెత్తాడు. ఆనకట్ట పని చేసే కూలీల గుడిసెలు గుట్టల వెంట చాలా చోట్ల ఉండేవి. వాళ్లకు మందులిచ్చే దవాఖాన వ్యాను ఒకటి పొద్దున్నే ఆ దారిన పోయేది. అది కనబడగానే దుర్గయ్య రెండు చేతులూ చాచి రోడ్డు నడిమధ్యన నిలబడ్డాడు. ఇంతలో పల్లెవాళ్లు బక్కమ్మను నులకమంచం మీద మోసుకొచ్చారు. వెనకాల గొంగడి కప్పుకుని గుర్వమ్మ వచ్చింది.

అది పాత మిలిటరీ బండి. పైన వేసిన తెల్లరంగు అక్కడక్కడా లేచిపోయి అడుగునున్న ఆకుపచ్చ కనిపిస్తోంది. అందులోంచి డాక్టరమ్మ దిగింది. పేరు మంజులత. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండే మనిషి. బక్కమ్మ కడుపు మీద చెయ్యి వేసి చూసింది, చెవి ఆనించి విన్నది, లేచి నిలబడింది.

"బిడ్డ బతికే ఉంది. కానీ ఇక్కడ నేను చేయగలిగింది ఏం లేదు. ఆపరేషన్ చేయాల్సి రావచ్చు. గుట్ట అవతల ఆనకట్ట దగ్గరి దవాఖానకు పోవాలి. ఎక్కించండి."

వ్యాను లోపల ఎడమపక్కన పొడుగ్గా ఒక పలకమంచం బిగించి ఉంది. కుడిపక్కన ముందుకు మొహం పెట్టి, ఒకదాని వెనక ఒకటి రెండు కుర్చీలు. డ్రైవరు పక్క సీటు నిండా మందుల పెట్టెలు. దుర్గయ్యకు జాగా లేదు. అడ్డదారిన గుట్ట దాటి వస్తానని అతను అప్పుడే బయలుదేరాడు. బక్కమ్మను కాళ్లు ముందుకు, తల వెనక్కు వచ్చేలా పలక మీద పడుకోబెట్టి డాక్టరమ్మ రెండు వెడల్పాటి పట్టీలు తీసి ఒకటి రొమ్ముకు పైగా, ఒకటి తొడల మీదుగా బిగించింది. తాను ముందు కుర్చీలో కూర్చుని తన నడుముకు ఒకటి బిగించుకుంది. వెనక కుర్చీలో కూర్చున్న గుర్వమ్మను తిరిగి చూసి, "నువ్వు కూడా పెట్టుకో అమ్మా" అంది.

కుర్చీకి రెండుపక్కలా పాముల్లా వేలాడుతున్న పట్టీలను గుర్వమ్మ చూసింది.

"నన్ను కట్టెయ్యకు తల్లీ. నీ కాలు మొక్కుత. నేను ఏడికీ పోను, నా బిడ్డకాన్నే కూసుంట."

"నా బండి ఎక్కినవాళ్లు ఎవరైనా పట్టీ పెట్టుకోవాలి. లేకపోతే బండి కదలదు."

"అయితే నేను నడిసొస్త."

డాక్టరమ్మకు ఆ మొండితనం అర్థం కాలేదు. గుర్వమ్మ భర్త పర్వతాలు సంగతి ఆమెకు తెలియదు కదా. దొరల కాలంలో, గడిలో పండుగకని అడిగిన పొట్టేలును ఊరికే ఇవ్వనన్నందుకు పర్వతాలును గడి ముందు బండిచక్రానికి కట్టేశారు. పొద్దు ఎక్కి, పొద్దు దిగిందాకా అట్లాగే ఉంచారు. గుర్వమ్మ కుండతో నీళ్లు తీసుకుపోతే దగ్గరికి రానివ్వలేదు. విప్పిన తర్వాత అతను బతికాడు గానీ ముంజేతుల మీద తాడు కోసిన మచ్చలు పోలేదు. ఆ రోజు నుంచి పర్వతాలు ఏ జీవికీ తాడు వేయలేదు. అంగడికి తోలుకుపోయే మేకను కూడా భుజాన వేసుకుపోయేవాడు. అంతకు ముందేడు జ్వరంతో కన్నుమూసేదాకా అదే తీరు.

డ్రైవరు దిగి వెనక తలుపు దగ్గరికి వచ్చాడు. అతని పేరు ఏసోబు. హాలియా పక్క పల్లె అతనిది. వాళ్ల నాయిన గడిలో వెట్టిచేసిన మనిషి, ఇతను స్టీరింగు పట్టిన మనిషి. గుర్వమ్మ కళ్లలో ఉన్నదేమిటో అతనికి చెప్పనక్కర లేకుండానే తెలిసింది.

"పెద్దమ్మా, కట్టేసుడంటే ఏందో మా ఇంట్ల గూడ ఎరికే. ఇది గది గాదు. మా డాక్టరమ్మ మిలిటరీల ఉన్నప్పుడు ఒకసారి జీపు బోర్లపడ్డది. పక్కన కూసున్న నర్సమ్మ ఎగిరి బయటపడి పానం ఇడిసింది. గప్పటిసంది ఈమె గీ రూలు పెట్టుకున్నది. పాత ఇమానాల పట్టీలు తెప్పించి బిగించింది."

పట్టీ రెండు కొసలూ తీసి కుర్చీ మీద, ఆమె చేతికి అందేటట్టు పెట్టి వెనక్కి జరిగాడు. గొర్రెలు కాసే గొల్లకుర్మల ఇళ్ల ఆడవాళ్లను, ఊరు అంటరానివాళ్లన్న అతనిలాంటివాళ్లు తాకే అలవాటు ఆ పల్లెల్లో లేదు.

"గీ కొస గండ్ల పెట్టు. టక్కుమన్నదా? ఇగ గా పైరేకు ఎత్తి చూడు."

గుర్వమ్మ వేలితో రేకు ఎత్తింది. పట్టీ ఊడి రెండుపక్కలకూ జారిపోయింది.

"చూసినవా? పెట్టుకునేది నువ్వే, ఇప్పేది నువ్వే. ఇంకో మనిషి చెయ్యి దీనికి అక్కర్లేదు."

ఆమె మళ్లీ బిగించింది. మళ్లీ విప్పింది. పక్కన బక్కమ్మ పళ్లు కరుచుకుని మూలిగింది. గుర్వమ్మ పట్టీ బిగించుకుని, రేకు మీద చెయ్యి అట్లాగే ఉంచుకుని, "పోనియ్యి కొడుకా" అంది.

బండి కదిలింది. నేల మీద కాలు లేకుండా పోవడం ఆమెకు అదే మొదటిసారి. రోజూ నడిచే తోవే, రోజూ చూసే రాళ్లే. చూస్తుండగానే వెనక్కి పారిపోతున్నాయి. మందను తోలుకుని ఒక పూట నడిచే దూరం, బక్కమ్మకు రెండు నొప్పులు వచ్చిపోయేసరికి దాటిపోయారు. బండి గుట్ట ఎక్కడం మొదలుపెట్టింది. గుట్ట తల మీదికి చేరగానే గాలి మారింది. తడి వాసనతో చల్లటి గాలి కిటికీలోంచి కొట్టింది.

అక్కడి నుంచి దారి లోయ అంచున దిగుతుంది. మలుపులో ఎదురుగా రాళ్ల లారీ వచ్చింది. పాపం ఆ లారీ డ్రైవరు తన పక్కనే తాను వస్తున్నాడు. దానికి తోవ ఇవ్వడానికి ఏసోబు బండిని అంచు వైపు జరిపాడు. ముసురుకు నాని నాని ఉన్న మట్టి అంచు ముందు చక్రం కింద అన్నం ముద్దలా విరిగిపోయింది.

గుర్వమ్మకు కేక వేసే వ్యవధి కూడా దొరకలేదు. బండి మూతి కిందికి వంగింది. జారింది. కంపలూ రాళ్లూ కింద పటపటలాడాయి. డ్రైవరు పక్కనున్న మందుల పెట్టెలు ఒకదాని వెనక ఒకటి లేచి, అద్దం పగలగొట్టుకుని బయటికి దూకాయి. గుర్వమ్మ కుర్చీలోంచి ఎగిరి ముందుకు పడబోయింది. నడుము దగ్గర పట్టీ పట్టుకుంది. అంతలో పెద్ద చప్పుడు. బండి ఒక బండరాయికీ నల్లమద్ది చెట్టుకూ నడుమ ఇరుక్కుని, మూతి లోయలోకి పెట్టి, వెనక తలుపు ఆకాశం వైపు పెట్టి ఆగిపోయింది.

నిశ్శబ్దం. ఇంజను ఆగింది. మందుల పెట్టెలు కింద ఎక్కడో పడిన చప్పుడు కోసం గుర్వమ్మ చెవి పెట్టింది. ఆ చప్పుడు రానే లేదు.

"ఎవ్వరు కదలకురి" అన్నాడు ఏసోబు. అతని నుదుటి మీది నుంచి రక్తం కారుతోంది. రెండు కాళ్లూ బ్రేకు మీద ఉన్నాయి. "చెట్టు ఆపింది. జర గట్లనే ఉండురి."

గుర్వమ్మ పట్టీకి వేలాడుతూ కిందికి చూసింది. అద్దం ఉండాల్సిన చోట ఏమీ లేదు. ఏసోబు తల మీదుగా, బండి మూతి దాటి, లోయ అడుగుదాకా కనిపిస్తోంది.

నది కనిపించింది. ఎర్రటి వరదనీళ్లతో, ఆమె అనుకున్నదానికి ఎన్నో రెట్లు వెడల్పుగా. ఆ నదికి అటు గుట్ట నుంచీ ఇటు గుట్ట నుంచీ రెండు రాతిగోడలు లేచి ఒకదాని వైపు ఒకటి నడిచివస్తున్నాయి. నడిమధ్య ఖాళీలోంచి కృష్ణ ఒత్తుకుంటూ పోతోంది. గోడల మీద, గోడల పక్కన కట్టిన నిచ్చెనబాటల మీద, అడుగున బండల మధ్య అంతటా మనుషులే. చాటలో పోసిన నువ్వులు చెరిగేటప్పుడు కదిలినట్టు కదులుతున్నారు. నెత్తిన రాయి పెట్టుకుని ఎక్కేవాళ్లు, ఖాళీ గంపతో దిగేవాళ్లు. ఆ దూరానికి వాళ్ల చప్పుడు ఏదీ పైకి రావడం లేదు. ఇన్నేళ్లూ గుట్ట అవతల పేలిన మోతలన్నీ ఇట్లా గోడలై నిలబడ్డాయా? ఇంత పని మనుషుల చేతులే చేస్తున్నాయా? పడిపోతామన్న భయం కూడా ఆ కాసేపు ఆమెకు గుర్తు రాలేదు. నోరు తెరిచి అట్లాగే చూసింది.

"అవ్వా!" అని బక్కమ్మ తల్లిని కేకేసింది.

బండి మూతి మీద నిలబడేసరికి పలక మీదున్న బక్కమ్మ దాదాపు నిలువునా నిలబడ్డట్టు ఉంది. రొమ్ము మీది పట్టీ, తొడల మీది పట్టీ ఆమెను పలకకు పట్టి ఉంచాయి. డాక్టరమ్మ తిరిగి చూసింది. చెయ్యి పెట్టి చూసింది. ఆమె మొహం మారిపోయింది.

"తల దిగుతోంది" అంది. మళ్లీ, తనకు తానే నమ్మకం కలిగించుకోవడానికన్నట్టు, "దిగుతోంది. బండి ఊపుకే తిరిగిందో, నిలబడినందుకే జారిందో... అమ్మా, నీ బిడ్డను చంకల కింద చేతులు పెట్టి గట్టిగా పట్టుకో. నేను కింది పట్టీ విప్పాలి. నీ పట్టీ మాత్రం విప్పకు."

గుర్వమ్మ పక్కకు వంగి రెండు చేతులూ కూతురి చంకల కిందికి పోనిచ్చి పట్టుకుంది. అప్పుడు తెలిసింది ఆమెకు. తాను దేన్నీ పట్టుకుని లేదు. లోయ మీద వేలాడుతున్న బండిలో ఆమె రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయి, బిడ్డ కోసం ఉన్నాయి. ముందు కుర్చీలో డాక్టరమ్మవి కూడా అంతే. నడుముల దగ్గర ఆ పట్టీలు వాళ్లను పట్టుకుని ఉన్నాయి.

పైనుంచి మనుషుల కేకలు వినబడ్డాయి. రాళ్ల లారీ ఆగింది. అందులోని కూలీలు, దారి వెంట కంకర కొట్టేవాళ్లు అంచు దగ్గరికి ఉరికి వచ్చారు. "లోపల మనుషులున్నరా?" అని ఎవరో అరిచారు.

"ఉన్నరు! కాన్పు అయితాంది! బండి కదలనియ్యకురి!" అని ఏసోబు పైకి అరిచాడు.

లారీ మీద రాళ్లకు కట్టే మోకులు ఉన్నాయి. ఒక మనిషి కంపలు పట్టుకుని దిగి, బండి వెనక ఇరుసుకు మోకు బిగించాడు. రెండో కొసను లారీకి కట్టారు. దాంతోనే ఊరుకోలేదు. ఇంకో మోకు వేసి, ఆడా మగా వరుసగా నిలబడి దాన్ని చేతులతో పట్టుకున్నారు. మోకులు బిగిసి బండి కిర్రుమంది. ఆ కుదుపుకు గుర్వమ్మ కళ్లు మూసుకుంది.

"ఒక్కసారి బలంగా, బిడ్డా!" అంది డాక్టరమ్మ. "నీ తల్లి పట్టుకునే ఉంది. ఇంకొక్కసారి!"

బక్కమ్మ తల వెనక్కి వాల్చి కేక పెట్టింది. ఆ కేక లోయలో పడి అవతలి గుట్టకు తగిలి తిరిగి వచ్చింది. అది ఇంకా తిరిగి వస్తుండగానే దాని వెనక సన్నటి ఇంకో గొంతు లేచింది.

పైన మోకు పట్టుకున్న వాళ్లు పట్టుకున్నట్టే నిలబడ్డారు. ఒక ముసలామె మాత్రం "అయ్యో, పుట్టింది! నా తల్లి, పుట్టింది!" అని ఏడుస్తూ నవ్వడం గుర్వమ్మకు వినబడింది.

ఆడపిల్ల. డాక్టరమ్మ పిల్లను తల్లి రొమ్ము మీద పట్టీ కింద దోపి, గుర్వమ్మ అందించిన గొంగడి చుట్టింది. తర్వాత పైకి చూసి, "ఇప్పుడు లాగమనండి. మెల్లగా" అంది.

లాగారు. బండి జానెడు జానెడుగా పైకి వచ్చింది. వెనక చక్రాలు రోడ్డు మీద పడగానే జనం ఎగబడి తలుపులు తీశారు. బక్కమ్మను పలకతో సహా దింపారు. గుర్వమ్మ రేకు ఎత్తి పట్టీ విప్పుకుని నేల మీద కాలు పెట్టింది. ఏసోబు చెయ్యి చాచబోయి ఆగిపోయాడు. ఆమే ఆ చేతిని గట్టిగా పట్టుకుని నిలబడింది. తర్వాత కొంగు అంచు చింపి, అతన్ని రాయి మీద కూర్చోబెట్టి నుదుటికి కట్టు కట్టింది. "నాయినా, నీ రెండు కాళ్లు సల్లగుండ" అంటూనే ఉంది.

డాక్టరమ్మ తల్లికీ పిల్లకూ చేయాల్సినవన్నీ చేసింది. "ఇక కోత అక్కర లేదు" అని చెప్పింది. చెప్పి, రోడ్డు పక్కన కంకర కుప్ప మీద కూలబడింది. అప్పటిదాకా తొణకని ఆమె రెండు గుప్పిళ్ల నిండా కంకరను బిగించి పట్టుకుంది. కూలీల దగ్గర ముంత అడిగి గుర్వమ్మ నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"నీకు గూడ భయమైతదా అమ్మా?"

"అప్పుడు కాలేదు. ఇప్పుడైతాంది" అంది డాక్టరమ్మ, గుర్వమ్మ మాటతీరులోనే. ఇద్దరూ పక్కపక్కన కూర్చుని కిందనున్న ఆనకట్టను చాలాసేపు చూశారు. గుట్ట దాటి రొప్పుతూ వచ్చిన దుర్గయ్య, లారీ చాటున కూతురిని పట్టుకుని కూర్చున్న భార్యను చూసి, ఏం జరిగిందో ఎవరూ చెప్పకముందే నెత్తి మీది రుమాలు తీసి అందరికీ దండం పెట్టాడు.

పిల్లకు సోమమ్మ అని పేరు పెట్టారు. తర్వాత కొన్నేళ్లకు హాలియా నుంచి ఆ గుట్టల దిక్కు బస్సు వేశారు. ఒకరోజు గుర్వమ్మ మనుమరాలిని వెంటబెట్టుకుని బస్సెక్కింది. పిల్లను కిటికీ పక్కన కూర్చోబెట్టి, సీటుకు రెండుపక్కలా చేత్తో తడిమింది. కింద తడిమింది. వెనక తడిమింది.

"ఏం పోగొట్టుకున్నవవ్వా?" అన్నాడు కండక్టరు గాలయ్య.

"నడుం పట్టీ ఏది బిడ్డా?"

"పట్టీనా? బస్సుల పట్టీలేంది? గసుంటి రూలేం లేదవ్వా."

"లేకుంటే పెట్టమని చెప్పుర్రి మీ సార్లకు. గింత మందిని ఎక్కించుకుంటరు, బండి బోర్లపడితే ఎవల్ని ఎవలు పట్టుకుంటరు?"

బస్సులో నలుగురు నవ్వారు. గుర్వమ్మ నవ్వలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. మందుల పెట్టెలు అద్దంలోంచి పోయిన సంగతి, వాటి చప్పుడు పైకి రాని సంగతి చెప్పేసరికి నవ్వులు ఆగిపోయాయి. ముందు సీట్లో కిటికీలోంచి తల బయట పెట్టి ఆడుతున్న పిల్లవాడిని వాళ్లమ్మ లోపలికి లాగి ఒళ్లో అదుముకుంది. గాలయ్య చేతిలో టిక్కెట్ల కట్ట పట్టుకుని అట్లాగే నిలబడ్డాడు. "నిజమేనా అవ్వా?" అన్నాడు. "గీ పిల్లనే" అని గుర్వమ్మ సోమమ్మ తల మీద చెయ్యి పెట్టింది.

బస్సు గుట్ట తల మీదికి ఎక్కింది. మలుపు తిరగగానే డ్రైవరు, ఎవరూ అడగకుండానే, బండి ఆపాడు.

లోయ లేదు. కిందికి కిందికి దిగిపోయే ఆ పాతాళం అంతా నీళ్లతో నిండిపోయి ఉంది. రాతిగోడ రెండు గుట్టలనూ కలిపేసింది. దాని వెనక చూపు ఆనినంత దూరం నీళ్లే, ఎండలో కదలకుండా మెరుస్తున్నాయి. గుట్టల తలలు అక్కడక్కడా నీళ్లలోంచి పైకి తేలి, ఈత కొడుతున్న ఎద్దుల మూపుల్లా కనిపిస్తున్నాయి.

ఒకరి వెనక ఒకరు దిగి అంచున నిలబడ్డారు.

"అవ్వా, గిన్ని నీళ్లు యాడికెల్లి అచ్చినయి?" అంది సోమమ్మ.

గుర్వమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని చూస్తూ నిలబడింది. కాసేపటికి గాలయ్య బస్సు మెట్టు మీది నుంచి "టైమైతాంది, ఎక్కురి, ఎక్కురి" అని కేకేశాడు. ఒక్కరూ కదల్లేదు. మళ్లీ కేకేయబోయి, నీళ్ల వైపు చూసి, అతను కూడా దిగి వచ్చి వాళ్ల పక్కన నిలబడ్డాడు.